మెడ కింద సుమిత్ర

మా హాలు గోడకు తగిలించిన పటంలో మెడ పైన ఉన్నది నా భార్య కనకలక్ష్మి. మెడ కింద ఉన్నది ఎవరో నాకు తెలియదు.

మెడ పైన ఉన్నది కూడా పూర్తిగా ఆమె కాదు. ఆధార్ కార్డులోని ముఖాన్ని కత్తిరించి, దానికి గులాబిరంగు పూసి, కళ్ళ కింది నల్లటి చారలు తుడిచేసి, పెదాలను రెండు పక్కలా కాస్త పైకి లాగారు. మెడ కింద ఆకుపచ్చ కంచిపట్టు చీర, మామిడిపిందెల హారం, చేతులనిండా గాజులు. ఒడిలో ఒకదాని మీద ఒకటి ఉంచిన రెండు చేతులు. పై చేతి చిటికెనవేలు కాస్త వంకర. ఆ చీర మా బీరువాలో ఎప్పుడూ లేదు. ఆ హారాన్ని మా రెండు కుటుంబాల్లో ఎవరూ చూసి ఎరుగరు. వెనకాల నీలం తెర, పక్కన ప్లాస్టిక్ గులాబీల కుండీ.

తెచ్చింది నా బావమరిది రమణబాబు. పదో రోజు సాయంత్రం న్యూస్‌పేపర్లో చుట్టి తెచ్చి, సోఫా మీద నిలబెట్టి, నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు. బేగంపేటలో ఇన్సూరెన్స్ ఆఫీసులో పని అతనికి. దేన్నైనా నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకుంటే గానీ తృప్తి ఉండదు.

"ఎలా ఉంది బావా? దగ్గర కూచుని చేయించాను. వాడు మామూలు చీర పెడతానన్నాడు, నేనొప్పుకోలేదు. మా అక్క మహారాణిలా ఉండాలన్నాను."

"బాగుంది," అన్నాను.

పదకొండో రోజు వచ్చినవాళ్ళందరూ పటం ముందు ఆగారు. కళ్ళల్లో ఆ కళ చూడండి అన్నారు. ఎదురుగా కూచుని మాట్లాడుతున్నట్టే ఉంది అన్నారు. వాళ్ళలో సగంమంది, కనకలక్ష్మి తనకు తాను తీసుకున్న ఫొటోలు చూసి ఆమెకు మతి చలించిందని తేల్చినవాళ్ళు. ఇంకొకావిడ ఒంటికి ఆమె తల అతికించిన బొమ్మకు దండ వేసి, దండం పెట్టి, గారెలు తిని వెళ్ళారు.

కనకలక్ష్మి జూలైలో ఒక మంగళవారం ఉదయం పోయింది. మల్కాజ్‌గిరిలో లోకల్ రైలెక్కి, సికింద్రాబాద్ స్టేషన్లో దిగి, వంతెన మెట్లెక్కుతూ కూలిపోయింది. మెదడులో రక్తనాళం చిట్లిందని డాక్టర్లు రాసిచ్చారు. వయసు నలభై నాలుగు. పరామర్శకు వచ్చినవాళ్ళకు ఈ నాలుగు ముక్కలూ ఇదే వరసలో చెప్పేవాణ్ణి. స్టేషన్ అనే మాట రాగానే వాళ్ళు కుర్చీల్లో ముందుకు జరిగేవాళ్ళు.

"స్టేషన్లోనా? అంటే... రైలు..."

"కాదు. మెట్ల మీద."

"అలాగా," అని వెనక్కి వాలేవాళ్ళు. వాళ్ళ ముఖాల్లో కనిపించింది ఊరట కాదు. అనుకున్నది దొరకనివాళ్ళ ముఖాలు అవి. ఆ ముఖాలకు నేను టీ ఇచ్చాను.

రమణబాబు మూడుసార్లు అడిగాడు. మూడోసారి డాబా మీదికి తీసుకెళ్ళి అడిగాడు.

"మనలో మాట బావా. నిజం చెప్పు. నేనెవరికీ చెప్పను."

డాక్టరు కాగితం చూపించాను. చదివాడు. మడిచి నా చేతికిచ్చాడు.

"కాగితానికేముందిలే," అన్నాడు.

ఆ మర్నాడే వెళ్ళి ఆ పటానికి పురమాయించాడు. పట్టుచీర, హారం, నవ్వు. ఎవరి నోళ్ళు మూయించడానికో ఆ తర్వాత అర్థమైంది. అందరి నోళ్ళకంటే ముందు తన నోరు.

అసలు ఆధార్ కార్డు దాకా ఎందుకు వెళ్ళవలసి వచ్చిందంటే, గత అయిదేళ్ళలో ముఖం కనిపించేలా ఆమె తీయించుకున్న ఫొటో ఒక్కటీ లేదు. పెళ్ళిళ్ళలో ఫొటో తీసేది ఆమే కాబట్టి ఆమె అందులో ఉండదు. తనను తాను తీసుకున్నవి ఫోన్లో వందల కొద్దీ ఉన్నాయి. వాటిలో ముఖం లేదు.

ఆమె బేగంపేటలో ఒక హోటల్లో పక్కదుప్పట్లు, తువ్వాళ్ళు చూసే విభాగంలో సూపర్‌వైజరు. అయిదేళ్ళ క్రితం ఒక రోజు పని నుంచి వచ్చి, హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో పెట్టుకుని మంచం మీద కూచుంది. పదకొండు రోజులు దాదాపు అలాగే ఉంది. బంధువులు వచ్చి, ఏం తక్కువైందని అడిగారు. సొంత ఫ్లాటు ఉంది, మాస్టారి జీతం ఉంది, తాగుడు లేదు, కొట్టడం లేదు. ఇన్ని ఉన్నాక దిగులు పడడం వాళ్ళకు దొంగతనంలా కనిపించింది. రమణబాబు హోమం చేయిద్దామన్నాడు. నేను ఆసుపత్రికి తీసుకెళ్ళాను. మాత్రలు ఎప్పుడేవి వేసుకోవాలో పట్టిక గీసి ఫ్రిజ్ మీద అంటించాను. అది చక్కటి పట్టిక. అంతకంటే ఎక్కువ చేశానని చెప్పలేను.

మనసులో ఏముందో రోజూ రాయమని అక్కడి డాక్టరమ్మ చెప్పింది.

"రాయలేనండీ," అంది కనకలక్ష్మి. "రాస్తే ఈయన ఎర్ర పెన్నుతో దిద్దుతారు."

డాక్టరమ్మ నవ్వింది. నేనూ నవ్వాను.

రాయడానికి బదులు ఫొటోలు మొదలుపెట్టింది. ఆదివారాలు. ఫోనును బియ్యం డబ్బాకు ఆనించి నిలబెట్టి, పది సెకన్ల టైమర్ పెట్టి, పరుగెత్తుకుంటూ వెళ్ళి దాని ముందు నిలబడేది. బాల్కనీలో ఆరేసిన చీర, చీర కింద పాదాలు మాత్రం. నీళ్ళ డ్రమ్ములోంచి పైకి లేచిన ఒక చెయ్యి, ఆ చేతిలో ఇంటి తాళంచెవి. ఒకదానిలో బీరువా తలుపులు బార్లా తెరిచి ఉంటాయి. పై అరల్లో మడతపెట్టిన దుప్పట్లు, కింది అరలో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని, తలమీంచి దుప్పటి కప్పుకుని ఆమె.

"ఇందులో నువ్వెక్కడ?" అన్నాను.

"కింది అరలో. ఇరవై ఏళ్ళు అన్నీ మడిచాను కదా. చివరికి నన్నూ మడిచిపెట్టాను. బాగా మడిచానా?"

ఆమె ఆ ఫొటోను మా బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టింది. ఒకాయన వెంటనే ఆంజనేయ దండకం పంపాడు. ఒకావిడ దండం పెడుతున్న చేతులు పంపింది. రమణబాబు ఫోన్ చేసి, "అక్కా, పిల్లలు జడుసుకుంటున్నారు, తీసెయ్," అన్నాడు. ఆమె తీసేసింది. ఆ గ్రూపులో అంతకుముందు రోజే ఎవరో ఒక ప్రమాదంలో నుజ్జయిన శవం ఫొటో పెట్టారు. దానికి పిల్లలెవరూ జడుసుకోలేదు.

ఫొటోలు తీసుకున్న రోజు రాత్రి ఆమెకు నిద్రపట్టేది. ఎందుకని ఒకసారి అడిగాను. "ఆ పది సెకన్లూ నేనెక్కడ ఉండాలో నాకు తెలుస్తుందండీ," అంది. మూడో ఏడు మాత్రలు తగ్గించారు. మళ్ళీ పనిలో చేరింది. పోయేనాటికి ఆమె బాగుంది. ఈ మాట చెబితే నమ్మినవాళ్ళు లేరు. దిగులు పడిన మనిషి మామూలు జబ్బుతో పోవడం జనానికి అన్యాయంగా తోస్తుంది.

ఈ మార్చిలో, పరీక్ష పేపర్లు దిద్దుతుంటే వచ్చి ఫోను నా ముందు పెట్టింది. ఇంట్లో కట్టుకునే నేతచీరలో కుర్చీలో కూచుని, గోడకుండే అద్దాన్ని రెండు చేతులతో ముఖానికి అడ్డంగా పట్టుకుంది. అద్దంలో ఏదో నల్లటి మరక.

"ఇది బాగా కుదిరింది. నాకేమన్నా అయితే ఇదే పెట్టండి."

నేను పేపరు మీంచి తలెత్తకుండానే అన్నాను. "శవానికైనా ముఖం ఉంటుంది."

ఆమె ఫోను తీసుకుని వెళ్ళింది. ఆ పూట దొండకాయ వేపుడు చేసింది. పక్కన కూచుని నాతో పాటే తింది.

సెప్టెంబరు చివర మా స్కూల్లో హిందీ చెప్పే సుకన్య వాళ్ళ అత్తగారు పోతే, బొల్లారం వెళ్ళాను. హాల్లో కుర్చీలు వేశారు. గోడ మీద పటం. డెబ్భై ఏళ్ళ ముడతలు పడిన ముఖం, దాని కింద ఆకుపచ్చ కంచిపట్టు చీర. మామిడిపిందెల హారం. నీలం తెర, గులాబీల కుండీ. ఒడిలో రెండు చేతులు, పై చేతి చిటికెనవేలు వంకర.

నేను చాలాసేపు చూసి ఉంటాను. సుకన్య పక్కన వచ్చి నిలబడింది.

"మా అత్తమ్మ ఫొటో మంచిగొచ్చింది కదా సార్. ఉన్నప్పుడు గింత కళగ ఎప్పుడు కనపళ్ళే."

"బాగా వచ్చింది," అన్నాను.

"సార్, ఒక మాట అడుగుదమనుకుంటున్న. అక్టోబర్ల మెంటల్ హెల్త్ డే చేస్తున్నం కదా స్కూల్ల. మేడం ఫొటోలు ఒక రెండు ఇస్తే చార్టు మీద పెడదం. కింద మంచిగ ఒక లైన్ రాద్దం. బాధను దాచుకోకండి అని."

"ఆమె దాచుకోలేదమ్మా," అన్నాను. "అందరికీ పంపింది."

సుకన్య నా భుజం వైపు చూసి తల ఊపింది. దుఃఖంలో ఉన్నవాడితో మాట్లాడేటప్పుడు అలా ఊపాలని ఎక్కడో నేర్చుకున్నట్టుంది. వచ్చేసేటప్పుడు ఆ ఇంట్లోవాళ్ళు ఒక్కొక్కరే పటం ముందు వంగి దండం పెడుతున్నారు. నా భార్య ఒంటికే పెడుతున్నారని ఒక క్షణం అనిపించింది. అది ఆమె ఒళ్ళు కూడా కాదని వెంటనే గుర్తొచ్చింది.

ఇంటికొచ్చి మా పటం దింపి వెనక్కి తిప్పాను. మోండా మార్కెట్ దగ్గరి సందులో ఒక స్టూడియో పేరుతో చీటీ అంటించి ఉంది. వారం తిరిగితే మూడో మాసికం. ఆనాటికి గోడ మీద ఆమె అడిగిన ఫొటో ఉండాలనుకున్నాను. అంతకుమించి ఆమె నన్ను ఏదీ అడిగి ఉండలేదు. ఆ ఒక్కదానికీ నేను చెప్పిన జవాబు పైన రాశాను.

శనివారం మధ్యాహ్నం పటాన్ని పేపర్లో చుట్టుకుని వెళ్ళాను. సందులో ఇరుకైన గది, గోడలనిండా పెళ్ళికొడుకులూ పాపాయిలూ. గల్లాపెట్టె దగ్గర నలభై దాటిన ఒకావిడ పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు కత్తిరిస్తోంది.

"ఏం కావాలె సార్?"

"ఇదే కొలతకు ఇంకొకటి వేయాలి," అని పటం ఆమె ముందు పెట్టాను.

ఆమె పేపరు విప్పింది. చూసి, లోపలి గదివైపు తిరిగింది.

"ఓ ఏమయ్యా, నీ కంచిపట్టు వాపస్ వచ్చింది చూడు."

పటం అంచు మీద ఉన్న ఆమె చేతిని చూశాను. చిటికెనవేలు వంకర. నేను చూడడం ఆమె చూసింది. సిగ్గుపడలేదు.

"మెడ కింద అంత నేనే సార్," అంది. "మా చెల్లె పెండ్లిల దిగిన ఫొటో. పన్నెండేండ్లాయె. అప్పటి సంది గీ మనిషి నన్ను ఎన్ని ఇండ్లల్ల చంపిండో లెక్క లేదు. మల్కాజ్‌గిరిల ఏ ముసలామె పోయినా మొదలు దండ నాకే పడ్తది."

లోపలినుంచి కళ్ళద్దాలు నుదుటిమీదికి నెట్టుకుంటూ ఒక మనిషి వచ్చాడు. స్టూడియో అతనిదే. పేరు పర్వతాలు. ఆవిడ అతని భార్య సుమిత్ర.

"నవ్వుకుంట చెప్తది గని సార్, జెర నా తక్లీఫ్ సుత చూడుండ్రి," అన్నాడు. "పోయినంక వస్తరు. చేతుల రేషన్ కార్డు జిరాక్స్. గంతే. మంచి చీర ఉండాలె అంటరు, నగలుండాలె అంటరు, మా అమ్మ నవ్వాలె అంటరు. యాడికెళ్ళి తేవాలె? ఇంట్ల ఉన్నామెనే పెట్టుకున్న."

"నవ్వు కూడా ఈవిడదేనా?"

"నవ్వు నాది కాదు సార్," అంది సుమిత్ర. "నేను నవ్వితె పండ్లు కనపడ్తయి. అది కంప్యూటర్ల చేస్తడు."

వాళ్ళిద్దరి మీదా నాకు అసహ్యం కలిగింది. చావులను ఒకే అచ్చులో పోసి పంపేవాళ్ళు. కానీ మా ఇంటికొచ్చి ఆ నవ్వులో కళ చూసినవాళ్ళ కంటే వీళ్ళు ఒక మెట్టు పైన ఉన్నారు. వీళ్ళకు అది ఎవరి ఒళ్ళో తెలుసు.

కనకలక్ష్మి ఫోను తీసి అద్దం ఫొటో చూపించాను. పర్వతాలు కళ్ళద్దాలు కిందికి దించుకున్నాడు. ఏదో ఒకటి అంటాడని ఎదురుచూశాను. దెయ్యమనో, దిష్టి అనో. అతను ఫోనును దగ్గరికి తీసుకుని, దూరంగా పెట్టి, మళ్ళీ దగ్గరికి తీసుకున్నాడు.

"ఎవరు తీసిన్రు సార్?"

"ఆమే తీసుకుంది. పది సెకన్ల టైమర్ పెట్టి."

"ఒక్కతేనా? ఎవ్వరు పట్టుకోలే?"

"లేదు."

"గదే రోజువి ఇంకేమన్న ఉన్నయా ఇండ్ల?"

చూసుకొమ్మన్నాను. అతను వేలితో జరుపుతూ పోయాడు. ఒకటే కుర్చీ, ఒకటే చీర, ఒకటే అద్దం. జరిపాడు, జరిపాడు.

"అరవై మూడున్నయి సార్," అన్నాడు. "ఇగో, మొదట్ల అద్దంల ఫోనే పడ్డది. తర్వాత జెర వంచింది, ఫ్యాను పడ్డది. ఇండ్ల కిటికి. ఇండ్ల తలుపు సగం. ఆమెకు గవేం వద్దు. ఇంకేదో కావాలె. దానికోసం తిప్పుకుంట తిప్పుకుంట వచ్చింది. అరవై మూడు సార్లు ఉరికింది సార్, ఫోను కాడికెళ్ళి కుర్చీ దాక. నా దగ్గర పనిచేసేటోళ్ళు మూడోసారికే చాల్లే అంటరు."

ఆ ఆదివారం నాకు గుర్తుంది. పక్క గదిలో బల్ల దగ్గర తొమ్మిదో తరగతి పేపర్లు దిద్దుతున్నాను. వెనక హాల్లో ధన్ ధన్ అని అడుగుల చప్పుడు, కాసేపు నిశ్శబ్దం, మళ్ళీ చప్పుడు. వెనక్కి తిరక్కుండానే, "ఏమిటా పరుగులు? కింది ఫ్లాటు వాళ్ళు వచ్చి అడుగుతారు," అని కేకేశాను. చప్పుడు ఆగింది. మానేసిందనుకున్నాను.

"గీ దుప్పటేంది సార్?" అన్నాడు పర్వతాలు. "మొదట్ల లేదు. పన్నెండో ఫొటో కాడికెళ్ళి నేల మీద పరిచి ఉన్నది."

నాలుగు మడతలు పెట్టిన దుప్పటి, కుర్చీ దగ్గరనుంచి ఫోను వరకూ. హోటల్లో నేర్చుకున్న మడత, అంచులు అంచులకు కలిసి. దాని మీద ఆమె యాభై రెండుసార్లు చప్పుడు కాకుండా పరుగెత్తింది.

పర్వతాలు ఆఖరి ఫొటోను కంప్యూటర్లోకి ఎక్కించి పెద్దది చేశాడు. ఫోన్లో నల్లటి మరకలా కనిపించింది తెర మీద విడివడింది. తలుపు చట్రం. అందులో ఒక బల్ల. బల్ల మీదికి వంగిన ఒక వీపు, బనియను మీంచి తేలిన వెన్నెముక, పైన గుండ్రటి బట్టతల. అద్దం సరిగ్గా నిండిపోయింది. కనకలక్ష్మి ముఖం ఉండవలసిన చోట అంగుళం ఖాళీ లేకుండా ఆ వీపే ఉంది.

"గీయనెవరు సార్?"

సుమిత్ర గల్లాపెట్టె మీంచి వంగి తెర చూసింది. నా నెత్తివైపు చూసింది. భర్తను మోచేత్తో పొడిచింది.

తర్వాత పర్వతాలు గొంతు తగ్గించాడు.

"తీసేద్దమా సార్? పరేషాన్ గావద్దు, రెండు నిమిషాల పని. అండ్ల ఆకాశం పెడ్త. తెల్లగ మబ్బులు. మంచిగుంటది. లేకుంటె మేడం ముఖమే పెడ్త అద్దంల, ఆధార్‌ది నా దగ్గర ఉన్నది కద. మీ ఇంటోళ్ళు సుత ఖుష్."

ఆకాశం నిజంగానే బాగుంటుందనిపించింది. ఎవరికీ తెలియదు. రమణబాబుకు కావలసింది ముఖం. ముఖం ఉంటుంది. బంధువులకు కావలసింది కళ. అదీ ఉంటుంది. ఆమె కోరిన ఫొటో పెట్టానని నేను చెప్పుకోవచ్చు. వీళ్ళందరినీ ఇన్నాళ్ళూ ఏ కొలతతో కొలిచానో ఆ కొలతలో నేను ఎక్కడ నిలుస్తానో ఆ కుర్చీలో కూచున్నంతసేపూ నాకు కనిపిస్తూనే ఉంది. అయినా వెంటనే వద్దనలేదు. అతను మబ్బులు వెతుకుతుంటే చూస్తూ ఉన్నాను. రెండు మూడు రకాలు చూపించాడు కూడా.

"ఇది వద్దు," అన్నాను.

"గీ మబ్బులు వద్దా?"

"ఏ మబ్బులూ వద్దు. ఉన్నది ఉన్నట్టు వేయండి."

"మళ్ళ మీ ఇంట్ల లొల్లయితే నా దిక్కు రావద్దు."

"రాను."

డబ్బు కట్టి లేస్తుంటే సుమిత్ర పాత పటం ముందుకు నెట్టింది. "గిది తీస్కపోతరా?"

"మీరుంచుకోండి."

"నాకెందుకు సార్? నేనింక బతికే ఉన్న గద."

మూడో మాసికం రోజు రమణబాబు వాళ్ళమ్మను వెంటబెట్టుకుని పది గంటలకు వచ్చాడు. మా అత్తగారి పేరు దేముడమ్మ. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి పాతికేళ్ళయినా ఆమె మాట మారలేదు. మనిషి తక్కువ మాట్లాడుతుంది. పదకొండో రోజు అందరూ పటాన్ని మెచ్చుకుంటుంటే ఈమె ఒక్కతే వంటింట్లోంచి బయటికి రాలేదు.

రమణబాబు దండ చేత్తో పట్టుకునే లోపలికొచ్చాడు. గోడ చూసి ఆగాడు.

"బావా, అక్క ఫొటో ఏది?"

"అదే."

"ముఖమేది?"

"లేదు."

"నేను చేయించిందేం చేశావ్?"

"బీరువా వెనక పెట్టాను. అందులో మెడ కింద ఉన్నది మీ అక్క కాదు రమణా, స్టూడియోవాడి భార్య. సుమిత్ర. మొన్నే మాట్లాడొచ్చాను, ఆరోగ్యంగా ఉంది. బొల్లారంలో ఇంకో ఇంట్లో కూడా దండ వేయించుకుంటోంది."

"ఎవరిదైతే ఏంటి? చూడ్డానికి పద్ధతిగా ఉంది కదా. ఇదేం పద్ధతి? వచ్చినవాళ్ళు ఏమనుకుంటారు? ఇప్పటికే..."

"ఇప్పటికే?"

"నీకు తెలీదా జనం ఏమంటున్నారో?"

"జనం సంగతి తెలుసు. నువ్వేమంటున్నావో చెప్పు."

అతను నాలుగడుగులు వెనక్కి వేయబోయి, సోఫా అడ్డం వచ్చి, ముందుకే వెళ్ళాడు. ముక్కు పటం గాజుకు తగిలేంత దగ్గరగా పెట్టి చూశాడు.

"ఇది నువ్వా?"

"నేనే."

"నీ వీపుకి దండ వెయ్యమంటావా నన్ను?"

"మీ అక్క ఏది పెట్టమందో అది పెట్టాను."

"ఎప్పుడంది?"

"మార్చిలో."

"అంటే అప్పటికే అనుకుంది," అన్నాడు. "చూశావా. అప్పటికే అనుకుంది. నేను చెబుతూనే ఉన్నాను. నువ్వే ఆ కాగితం పట్టుకుని..."

అది విని నాకు కోపం రాలేదు. వచ్చింది కోపం కంటే చల్లనిది. అయిదేళ్ళలో అక్కను ఎలా ఉన్నావని ఒక్కసారీ అడగనివాడు, చావుకు కారణం మాత్రం తనకు నచ్చినదే కావాలంటున్నాడు. ఆ మాట అనబోయాను. ఆ ఫొటో ముందు నిలబడి అనే హక్కు నాకు ఎంతుందో చూసుకుని ఊరుకున్నాను.

"మీ అక్క అప్పుడు బతికే ఉంది రమణా," అన్నాను. "ఇది తీసుకున్న రోజున అందరికంటే ఎక్కువ బతికి ఉంది. ఒక్క ఫొటో కోసం అరవై మూడుసార్లు పరుగెత్తింది. ఫోన్లో అన్నీ ఉన్నాయి. కావాలంటే చూడు."

ఫోను అతనికిచ్చాను. కూచున్నాడు. వేలితో జరపడం మొదలుపెట్టాడు. మధ్యలో ఒకచోట ఆగి, ఏదో అడగబోయి, మళ్ళీ జరిపాడు.

దేముడమ్మ ఇంతసేపూ కుంకుమ భరిణె పట్టుకుని గోడ దగ్గరే నిలబడి ఉంది. మా మాటలు విన్నట్టు లేదు. స్టూలు దగ్గరికి లాక్కుని ఎక్కబోయింది. నేను వెళ్ళి చెయ్యి పట్టుకుని ఎక్కించాను.

"బొట్టెక్కడెట్టాల బాబూ?" అంది.

"తెలీదండీ అత్తయ్యా."

"నీకు సెప్పనేదా?"

"చెప్పేదేమో. నేను అడగలేదు."

ఆమె కళ్ళజోడు సరిచేసుకుని పటం మీదికి వంగింది. కింది నుంచి చూసుకుంటూ వచ్చింది. పాదాలు, చీర కుచ్చెళ్ళు, అద్దం పట్టుకున్న వేళ్ళు. అద్దంలో నా వీపు దగ్గర ఒక్క క్షణం ఆగి దాటిపోయింది. అద్దం పై అంచు దాటాక ఆగింది.

"ఇదిగో, పాపిడి ఉంది గదేటి," అంది.

నేను చూశాను. అద్దం పై అంచుకు కాస్త పైన, వేలెడు మేర, నూనె రాసి దువ్విన జుట్టు. దాని నడుమ తెల్లటి గీతలా పాపిట. మార్చిలో నా ముందు పెట్టినప్పుడూ, స్టూడియోలో తెరంత పెద్దది చేసి చూసినప్పుడూ నేను చూడనిది.

దేముడమ్మ ఉంగరం వేలితో కుంకుమ తీసి, గాజు మీద ఆ గీత వెంట సన్నగా దిద్దింది. పెళ్ళినాడు దిద్దినట్టే, తొందర లేకుండా. తర్వాత వేలికి మిగిలిన కుంకుమ ఎక్కడ తుడవాలా అని అటూ ఇటూ చూసింది. తెల్లచీర కట్టుకుని ఉంది. కొంగుకు తుడవలేదు. చెయ్యి కిందికి దించి అద్దంలో నా వీపు మీద తుడిచింది.

"ఏలికి మిగిలిపోనాది," అంది నా వైపు చూడకుండా. "ఏటీ అనుకోకు."

"అనుకోనండీ."

"రమణా, ఆ దండట్రా," అంది.